పసుపు రాసిన వేప

గురమ్మకు కావలసింది తట్ట దింపుకోవడానికి నాలుగు మూరల నీడ. అంతకు మించి శ్రీకాకుళం పట్నాన్ని ఆమె ఏనాడూ ఏమీ అడగలేదు. సముద్రపొడ్డు పేట నుంచి చీకటితో బయలుదేరి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడిచి బజారు చేరేసరికి పొద్దెక్కుతుంది. నీడనుంటే సరుకు మధ్యాహ్నం దాకా ఆగుతుంది. ఎండలో పెడితే కాసేపటికే చేప కళ్ళు తేలేస్తుంది. అప్పుడిక కొనేవాడు చెప్పిందే ధర, పడేసిందే కూడు.

ఆ నీడను ఆమె పెంచుకుంది. ఏదో సంవత్సరం వనమహోత్సవమని పెద్దలొచ్చి, గోగునార గోదాము గోడ పక్కన వేపమొక్కలు నాటి, ఫొటోలు దిగి, జీపులెక్కి పోయారు. మునిసిపాలిటీకి మొక్క పాతడం వచ్చు, చెంబుడు నీళ్ళు పొయ్యడం రాదు. వీధి కుళాయి దగ్గర చేపలవాళ్ళ బిందె పెట్టనివ్వరు. వానొస్తే మాత్రం గోదాము రేకుల మీది నీళ్ళన్నీ ధారకట్టి మురుక్కాలవలో కలిసిపోయేవి.

గురమ్మా, తోడికోడలు దానమ్మా చూరు కింద తాటిదోనె కట్టారు. గోదాము కట్టిన రోజుల్లో సున్నం కలిపి వదిలేసిన గచ్చుతొట్టె ఒకటుంటే, నీళ్ళు దాన్లోకి మళ్ళించి, ఎండ తాగెయ్యకుండా పైన తాటాకు తడిక కప్పారు. ఒక్కో మొక్క మొదట్లో చిల్లికుండ పాతి, చిల్లిలో గుడ్డపేలిక దోపారు. కుండ నింపితే చాలు, వేరు తనక్కావలసినంత చప్పరించుకునేది. కరువొచ్చి పట్నంలో మిగతా మొక్కలన్నీ మాడిపోయినా గోదాము వేపలు నిలబడ్డాయి. వాటి కింద చేపల తట్టలు దిగాయి.

నీడ వచ్చాక గొడ్డలి వచ్చింది. ఒక తెల్లవారి చూస్తే వరసలో చివరి చెట్టు లేదు. కాఫీ హోటలు పొయ్యి కింద పచ్చికట్టె బుసబుసా పొగలు చిమ్ముతోంది. గురమ్మ మునిసిపలాఫీసుకు పరిగెత్తింది.

"చెట్టు నీదా?" అన్నాడు గుమాస్తా.

"నీళ్ళు నావి బాబూ. నాను పోసి పెంసినాను."

"ఓహో. వాన కూడా నీదేనా?"

ఆఫీసంతా నవ్వింది. గురమ్మ తిరిగొచ్చి, మిగిలిన వేపల్లో పెద్దదాని మొదలుకు నిండా పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టి, ఎర్రగుడ్డ కట్టింది.

దానమ్మ ముక్కున వేలేసుకుంది. "ఓలమ్మో! ఇదెప్పుడు అమ్మోరైందే?"

"కత్తట్టుకొచ్చినోడికి అమ్మోరు. మనకి సెట్టే. నోర్మూసుకుని కూకో."

ఈ దేశంలో చెట్టును నరికేవాడు మనిషికి భయపడడు, పసుపుకు భయపడతాడు. గురమ్మ లెక్క తప్పలేదు. గొడ్డలి మళ్ళీ రాలేదు. తప్పిందల్లా ఒకటే. భయపడేవాడి వెనకాలే దండం పెట్టేవాడు వస్తాడని ఆమెకు తట్టలేదు.

ముందు ఎవరో దీపం పెట్టారు. తరవాత కొబ్బరికాయ కొట్టారు. ఎదురుగా బట్టల కొట్టు జగన్నాధానికి బేరాలు పెరిగాయి, భక్తీ పెరిగింది. నలుగుర్ని కూడగట్టి కమిటీ అన్నాడు, మొదలు చుట్టూ సిమెంటు అరుగు వేయించాడు. పాతిన కుండలు పలుగుదెబ్బకు పెంకులయ్యాయి. గచ్చుతొట్టె కోనేరయింది. అందరూ అందులో నీళ్ళు ముంచి కాళ్ళు కడుక్కుని, చెంబులతో అమ్మవారికి అభిషేకం పోశారు. పోసిందంతా సిమెంటు మీంచి జారి మురుక్కాలవలోకే పోయింది. గుడి కట్టేవాడికి వేరెక్కడుందో చూడాలని తోచదు.

ఒకనాడు తట్ట దింపబోతున్న గురమ్మను జగన్నాధం ఆపాడు.

"ఇక్కడ చేపలు పెట్టకూడదు. అమ్మవారి సన్నిధి."

"ఏటి బాబూ, ఆ బొట్టు నానెట్టిందే గదా!"

"ఎవరు పెడితేనేం? వెలిసింది అమ్మవారు."

"మా పేటలో అమ్మోరు కోడి తింటాది, సేప తింటాది. నీ అమ్మోరికి నీసు వాసన పడదేటి?"

"ఈవిడ శాంతమూర్తి. తియ్యి తట్ట!"

గురమ్మ తియ్యలేదు. కమిటీ మనుషులు తీశారు. కానాగంత చేపలు రోడ్డంతా చెల్లాచెదరయ్యాయి. చేపలమ్మే ఆడవాళ్ళంతా తట్టలెత్తుకుని రోడ్డుకు అవతల ఎండలోకి పోయారు. పోతూ పోతూ గురమ్మనే తిట్టారు.

"నీ పసుపు మండిపోనూ! మన నోట్లో నువ్వే మన్ను కొట్టినావు!"

గురమ్మ రోడ్డు మీది చేపలు ఏరుకుంటూ తిట్లన్నీ పడింది. వాళ్ళు అన్నది అబద్ధమైతే కదా!

ఎండలు ముదిరేసరికి తొట్టె అడుగంటింది. వేప ఆకు రాల్చింది. కొత్త చిగురు వెయ్యలేదు. కొమ్మ చివర్లు నల్లబడ్డాయి. అమ్మవారికి కోపమొచ్చిందని పూజ చేశారు. పూజకూ చిగురు రాలేదు. అప్పుడు జగన్నాధం గొడుగు వేసుకుని, రోడ్డు దాటి, ఎండలో కూర్చున్న గురమ్మ దగ్గరకొచ్చాడు.

"నీ చేతి నీళ్ళకు పెరిగిన చెట్టంటున్నారే. కాస్త నీళ్ళు మొయ్యరాదూ? పుణ్యం."

"తట్ట దింపుకోనిస్తావా బాబూ?"

"అదెలా కుదురుతుంది? నువ్వు బిందె తెచ్చి అరుగు కింద పెట్టు. మావాళ్ళు పోస్తారు."

గురమ్మ చెట్టు వంక చూసింది. మోకాటెత్తున ఉన్నప్పటి నుంచీ ఎరిగిన చెట్టు.

"నీళ్ళు పోసేద్దామే అక్కా," దానమ్మ గొంతు తగ్గించింది. "సెట్టేటి సేసినాది, పాపం?"

"మనమేటి సేసినాం?" అంది గురమ్మ. జగన్నాధం వైపు తిరిగింది. "నాను పోస్తే బతుకుతాది బాబూ. బతికితే నీడ నీది, ఎండ నాది. మరెందుకు పొయ్యాల?"

"చెట్టు చస్తే ఆ పాపం నీదే!"

"సరే. వాన నాది కాదు, సెట్టు నాది కాదు, నీడ నాది కాదు. పాపమొక్కటీ నాకొదిలినారు గదా, ఉంచుకుంటాను. నువ్వెళ్ళు."

అతను గొణుక్కుంటూ గొడుగుతో సహా వెళ్ళిపోయాడు. గురమ్మ ముంతలో మిగిలిన నీళ్ళు తట్టలోని చేపల మీద చిలకరించి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గొంతు చించుకుని అరిచింది.

"కానాగంతలమ్మా, కానాగంతలు!"