ఒక్క వరస పట్టే కిటికీ

నేను ఒక అట్టముక్కను. పట్టుచీర పెట్టెకు మూతగా పుట్టాను. బంగారు రంగు అంచు ఉండేది కనుక కాస్త టెక్కు కూడా ఉండేది. సువార్త టీచర్ బ్లేడు తియ్యగానే ఆ టెక్కు దిగింది. ఆవిడ నన్ను అరచేతంత కోసి, నడుమ ఒక్క వరస కనిపించేంత సందు చేసి, ఏడో తరగతి చౌడేశ్వరికి ఇచ్చింది.

చౌడేశ్వరి వాళ్లది మగ్గాల ఇల్లు. చీర అంచులో ఒక్క పోగు తప్పినా నాన్నకంటే ముందు పట్టేసేది. పుస్తకం తెరిస్తే మాత్రం పై వరసా కింది వరసా కలగాపులగమైపోయేవి. తెలివికి లోటు లేదు, చదవడం దగ్గరే చిక్కు. కొందరికి ఈ చిక్కు రాతలో వస్తుందట, కొందరికి లెక్కల్లో. బడిలో అందరూ దానికి బద్ధకమని పేరు పెట్టి నిశ్చింతగా ఉన్నారు. ఈసారి తెలుగు తప్పితే బడి మాన్పించి మగ్గం మీద కూర్చోబెడతానని నాన్న వీరభద్రం తేల్చేశాడు.

నెలరోజులు నన్ను వరస వరసకీ జరుపుతూ చదివింది. నేను లేనప్పుడు ఆ కళ్లకు ఏం కనబడేదో అని నాకు ఒకటే ఆరా.

పరీక్షలో కోటిలింగం మాస్టారు నన్ను కాపీ చీటీ అనుకుని లాక్కున్నారు. తిప్పి చూశారు, వెలుతురుకు పట్టారు, వాసన కూడా చూశారు. నా మీద కొట్టు పేరులో సగం తప్ప ఏముంది?

"దీని మీద ఏం లేదేంటే?"

"లేదండి. మిగతా వరసలు అడ్డం రాకుండా పెట్టుకుంటానండి."

ఆయన నమ్మలేదు. నన్ను ప్రశ్నపత్రం మీద పెట్టి, "ఏదీ, చదువు" అన్నారు. పిల్ల మెల్లగా, ఒక్క తప్పూ లేకుండా మూడు వరసలు చదివింది. మూడేళ్లుగా దాన్ని మొద్దని పిలిచిన మనిషి నన్ను ఆ పత్రం మీదే సరిగ్గా సర్ది వెళ్లారు.

ముప్పై ఎనిమిది మార్కులొచ్చాయి. వీరభద్రం కాగితం రెండుసార్లు చూసి, "సరే, ఎనిమిదిలో చేరు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వారమే మాస్టారు చౌడేశ్వరిని అడిగి నన్ను తీసుకుని తమ్ముడు సాంబయ్య ఇంటికి వెళ్లారు. సాంబయ్య లారీలకు బస్తాలు ఎత్తుతాడు.

"నువ్వు మొద్దువని నాన్నకు చెప్పి, ఐదులో మాన్పించింది నేనేరా" అన్నారు మాస్టారు, తల వంచుకుని.

సాంబయ్య నన్ను పేపరు మీద పెట్టి, కూడబలుక్కుంటూ ఒక వరస చదివాడు. నన్ను కింది వరసకు జరిపాడు.

"ఈ వయసులో ఎందుకులే అన్నయ్యా" అన్నాడు. అన్నాడే గాని, నన్ను తిరిగి ఇవ్వలేదు.