పెద్దమ్మా అని పిలిచింది

పెద్దమ్మా అంది, అమ్మా అనలేదు, నొప్పి పుడితే పండు ముసలివాళ్లు కూడా అమ్మా అంటారు, నా కడుపున పుట్టిన ఏడేళ్ల పిల్ల మాత్రం మణికట్టు విరిగి ఆసుపత్రి బల్ల మీద పడుకుని పెద్దమ్మా అని కేక పెట్టింది, అంతే, పిలవకుండానే వెంట వచ్చిన మా తోడికోడలు నన్ను దాటుకుని వెళ్లి దాని తల ఒళ్లో పెట్టుకుంది, నేను దాని చెప్పులు పట్టుకుని గోడకి అతుక్కుపోయాను, కట్టు వేసే అతను తడి పట్టీ చుడుతూ తల్లిగారూ, మోచెయ్యి కదలకుండా పట్టుకోండి అన్నాడు, ఆమెతోనే అన్నాడు, ఒళ్లు మండిపోయింది.

ఆమె పిల్లలిద్దరూ కోతులు, గోడలెక్కుతారు, సైకిలు మీంచి పడతారు, మోకాళ్ల నిండా గీతలే, ఒక్క ఎముకా విరగదు, నా పిల్ల బడికి తప్ప గడప దాటదు, నేనే దాటనివ్వలేదు, ఎండ, దుమ్ము, పడతావే అని పైకి చెప్పే మాటలు, కింద వాళ్ల వాటాలో ఆడుకుని వస్తే పెద్దమ్మ జడ ఎంత బాగా వేసిందో, పెద్దమ్మ ఏం కథ చెప్పిందో, అదే పాట, వినలేక తలుపు గడియ పెట్టాను, రెండేళ్లయింది, ఇవాళ మంచం మీంచి కిటికీ గట్టెక్కింది, కింద అక్కావాళ్లు తాడు గెంతుతుంటే చూడాలని, జారి గదిలోనే నేల మీద పడింది.

కట్టు అయ్యాక డాక్టరమ్మ ఎక్స్‌రే మళ్లీ చూసి, ఎండలో ఆడుతుందా అమ్మా అని అడిగింది, పాలూ గుడ్లూ రోజూ పెడతానండీ అన్నాను, తిండొక్కటే చాలదమ్మా, ఎండ తగలాలి, గెంతాలి, పరుగెత్తాలి, అప్పుడే ఎముక గట్టిపడేది, ఆ మంచం కిటికీ దగ్గర్నించి జరపండి, పిల్లని బయటికి వదలండి అంది, గడియ సంగతి తోడికోడలికి తెలుసు, దెప్పితే పోట్లాడదామని చూశాను, ఆమేమో మా చెల్లి దాన్ని కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటుందండీ అంది, మంచితనంలోనూ నాకంటే ముందే, మందుల కోసం ఆమె బయటికి వెళ్లగానే ఉండబట్టలేక అడిగేశాను, నన్నెందుకు పిలవలేదే, పిల్ల నా మొహంకేసి చూసి, నిన్ను పిలిస్తే ఎందుకెక్కావని తిడతావుగా అమ్మా అంది, మెల్లగా, కట్టు వేసిన చెయ్యి వెనక్కి లాక్కుంటూ, నెలకి అతుక్కుంటుందట ఆ ఎముక, పడిపోతుందని గడియ పెట్టానా నేను, ఇన్నాళ్లూ దాన్ని కాపలా కాసింది ఆమెకి దక్కకుండా.