నిండని పుస్తకాలు

వార్సియెం బొటనవేలితో పుస్తకం అంచు తడిమి చూసుకుంది. ఇంకో కాగితం మిగిలే ఉంది. అయితే కొంగను ఈ పేజీలోనే గీసెయ్యొచ్చు.

పెకలోంగాన్‌లోని మైనంతో గీసి రంగులద్దే ఆ బాతిక్ కార్ఖానాలో గుడ్డలకు నమూనాలు గీయడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే బల్ల, అదే కిటికీ, వెనక మరిగే మైనం వాసన. నమూనాల పుస్తకం నిండేదాకా గీసినవాళ్ల దగ్గరుంటుంది. నిండితే యజమాని బీరువాలోకి పోతుంది. ఇది అక్కడి కట్టడి.

మొదటి పుస్తకాన్ని ఆమె సంబరంగా నింపి ఇచ్చింది. అందులో తల్లి ముఖం కూడా ఉంది. తల్లి పోయాక ఆ ఒక్క బొమ్మ ఇమ్మని కాళ్లావేళ్లా పడినా బీరువా తాళం తెరుచుకోలేదు. ఇంట్లో ఫోటో కూడా లేదు. ఆ మంట ఆమెకు ఈనాటికీ చల్లారలేదు. అప్పట్నుంచి ప్రతి పుస్తకంలోనూ చివరి కాగితం ఖాళీగా వదిలేసి ఇంటికి పట్టుకుపోయేది. కొత్తది తనే కొనుక్కునేది.

నీలిమందు తొట్టెలో కాలు పెట్టిన కొంగ ఒకటి ఇవాళ గోడమీద వాలింది. ఒక కాలు నలుపు, ఒక కాలు నీలం. ఆ నీలం కాలిని అది తెగ అసహ్యించుకుంటున్నట్టు పైకెత్తి పట్టుకుంది. వార్సియెం నవ్వుకుంటూ గీసింది. ఈ మధ్య ఇంత బాగా చెయ్యి సాగలేదు.

సాయంత్రం మేస్త్రీ దర్సోనో వచ్చి పుస్తకం తిరగేశాడు.

"నిండిపోయిందే అత్తా!"

"ఇంకో కాగితం ఉంది, సరిగ్గా చూడు."

అతను గోటితో గీరాడు. కొంగను గీసిన కాగితమే ఆఖరిది; మైనం చుక్క పడి అది అట్టకు అతుక్కుంది. ఆమె వేలికి తగిలిన మందం ఆ అట్టది.

"ఇన్నేళ్లకు దొరికావు. పాత పుస్తకాలేవంటే చెదలు తిన్నాయనీ, తడిసిపోయాయనీ ఎన్ని కబుర్లు చెప్పావు!"

"ఆ కొంగనొక్కదాన్నీ చింపి ఇవ్వరా, నాయనా."

"చింపితే ఆయన నా తోలు వలుస్తాడు. నీకు తెలీదా?"

ఆమె మరి అడగలేదు. ఇంటికెళ్లి సగం గ్లాసు టీ తాగి, చాపమీద గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజుకు లేపడానికి చెల్లెలు కార్తి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది.

పొద్దున దర్సోనో తలవంచుకుని వచ్చాడు. పాడెమీద కప్పమని కార్ఖానా పంపిన ఖరీదైన గుడ్డ తెచ్చాడు. దాన్నిండా చేపలు, ఒక మూలన యజమాని పేరు. ఆ చేపల గీత ఎవరిదో కార్తికి చెప్పాల్సిన పనిలేదు.

"పూడ్చి వచ్చాక తిరిగిచ్చెయ్యమన్నారు పిన్నీ. ఆ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది."

"నీకైనా ఉంది. సంతోషం."

మధ్యాహ్నం కార్తి గుడ్డను మడతపెట్టి అతని చేతిలో పెట్టింది. వీధి మలుపులో అతను మడత విప్పి చూశాడు. ఒక మూల లేదు. మళ్లీ మడిచి చంకన పెట్టుకున్నాడు గానీ వెనక్కి రాలేదు.

వంటింట్లో కత్తెర పక్కన, యజమాని పేరున్న రెండు వేళ్ల వెడల్పు గుడ్డముక్క పడి ఉంది.