చేపసామి తోక

నాలుగేళ్ళుగా కాంచన ఆ రాతిచేపకి, ఎన్నడో రాయైపోయిన ఆ శిలాజానికి, చుట్టాల్ని వెతుకుతోంది. తల చూస్తే పాతకాలపు వంశం, పెంకుల్లాంటి మందపాటి పొలుసులు. తోక చూస్తే ఇప్పటి చేపలకి దగ్గర, సన్నటి ముళ్ళు, పల్చటి పొలుసులు. పాతవాటికీ కొత్తవాటికీ మధ్య నిలిచిన చేప ఇదేనని థీసిస్ అంతా రాసేసింది. సోమవారం మద్రాసులో యూనివర్సిటీ పెద్దల ముందు చెప్పాలి. నెగ్గితే డాక్టరమ్మ, లేదంటే తిరుత్తణి కాలేజీలో మళ్ళీ టెంపరరీ పంతులమ్మ.

చేపేమో ఆమెది కాదాయె! వెంగల్ అనే పల్లెలో మేనత్త వరదమ్మ పూజగదిలోది. ఎప్పుడో మామ సుందరరాజులు బావి తవ్విస్తుంటే బయటపడింది. మత్స్యావతారమని అత్త రోజూ పసుపు పూసి మొక్కుతుంది. ఇల్లు దాటనివ్వదు, కడగనివ్వదు. పైపైన తుడుచుకుని భూతద్దంతో చూసుకోవాలి, అంతే.

ఎనభై రెండులో ఆ శనివారం, ఆఖరి బొమ్మ గీసుకుందామని కాంచన బస్సు దిగింది. చేప నడుం దగ్గర పొలుసుల వరసలు ఎంతకీ కలవలేదు. అత్తని బతిమాలి గోరువెచ్చటి నీళ్ళతో కడిగింది. ఏళ్ళనాటి పసుపు వదిలాక అడ్డంగా ఎర్రటి గీత కనిపించింది. లక్క! కాంచన అత్త వైపు తిరిగింది.

"అత్తా, దీన్ని అతికించినారా?"

"ఆ, అతికించినాము మా. బావిలోనించి ఎత్తేటప్పుడు తోక తునకలైపోయినాది. పగిలిన సామికి మొక్కకూడదు గదా? ఆడనే ఇంకో తోక దొరికినాది, సైజు సరిపోయినాది. కంసాలి ధనకోటి లక్క పెట్టిచ్చినాడు. పగిలిన తునకల్ని మీ మామ పూండి చెరువు నీళ్ళలో కలిపేసినాడు. యాడైనా చేప చేపే గదా?"

చేప చేపేనట! కాంచనకి కోపమూ నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. చివరికి ఏడ్చేసింది. థీసిస్ అంతా ఈ అతుకు మీదే నిలబడిందని విని అత్త కంగారుపడింది.

"ధనకోటీ మీ మామా ఇద్దురూ పోయినారు. ఇంకెవురికి తెలుసు? మళ్ళా పసుపు పూసేస్తాను. నువ్వు పోయి గెలిచి రా."

ఆ మాట కాంచనకి తియ్యగానే ఉంది. గడప మీద కూర్చుని ఎర్రగీతని మళ్ళీ భూతద్దంతో చూసింది.

"వద్దత్తా. తలది ఒక వంశం, తోకది ఒక వంశం. రెండూ విడదీసి చూపించాలి. కానీ విడదీస్తే నీకు సామి ఉండడు. నువ్వు కాదంటే ముట్టుకోను."

వరదమ్మ చేపని చూస్తూ లెంపలేసుకుంది. "అయ్యో, ఇన్నాళ్ళూ ఇద్దరు సాముల్ని ఒకే ఒంట్లో కుక్కినానే!"

తనే దీపం ఎత్తి గీత కింద పట్టింది. లక్క కరిగింది. రెండు ముక్కల్నీ పాత చీరలో చుట్టి మేనకోడలి చేతిలో పెట్టింది.

మద్రాసులో కాంచన ఉన్నదున్నట్టు చెప్పింది. థీసిస్ తిరగరాయమన్నారు, పట్టా వెనక్కి పోయింది. దిగులుపడింది గానీ పశ్చాత్తాపపడలేదు.

మళ్ళీ వెంగల్ వెళ్ళినప్పుడు పూజగదిలో చేపసామి ఖాళీ పీట ముందు దీపం వెలుగుతోంది.

"ఎవురికత్తా?"

"తల నీకాడ ఉండాది, దాని సొంత తోక పూండి నీళ్ళలో ఉండాది. దీపం యాడ పెట్టేది మా, ఈడనే గదా?"