ఉల్ఫర్‌బీ చివరి హద్దు

ఉల్ఫర్‌బీలో మిగిలినవి మూడే ఇళ్ళు. తక్కిన ఊరంతా ఏటా కాస్త కాస్త సముద్రంలోకి జారిపోయింది. పోయిన వారం కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఊరిని పక్క ఊళ్ళో కలిపేస్తారట, ఉన్నవాళ్ళకి అక్కడ కొత్తిళ్ళు ఇస్తారట, కొత్త పటంలో పేరు ఉండదట, అభ్యంతరం ఉందో లేదో నెలాఖరులోగా సంతకం చేసి పంపాలట. ఎనభై మూడేళ్ళ ఈనిడ్ స్టాథర్స్ దాన్ని రెండుసార్లు చదివి, చేతిసంచిలో కుక్కి, అభ్యంతరం సంగతి హద్దులు కొట్టి వచ్చాక రాద్దామనుకుంది.

మే నెలలో విల్లో చెట్టు బెత్తాలతో ఊరి హద్దు రాళ్ళను కొట్టి రావడం అక్కడి ఆచారం. ప్రతి రాయి దగ్గరా అందరికంటే చిన్నవాడి తలను మెల్లగా రాతికి తగిలించి ఊరి పేరు చెప్పిస్తారు, బతికినంతకాలం హద్దు గుర్తుండాలని. ఈనిడ్‌కి ఆరో ఏట తగిలించారు. ఆ బొప్పి ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఈసారి తోడు వచ్చినవాడు పీతలు పట్టే కోలిన్ ఒక్కడే. అతనికి అరవై ఒకటి. ఊళ్ళో అందరికంటే చిన్న అతనే.

"మూడు రాళ్ళకి మూడు దెబ్బలు తిన్నాను మిసెస్ స్టాథర్స్. ఈ బట్టతల మీద జాలి లేదా మీకు?"

"గొణక్కుండా నడు. సముద్రం వైపుది ఒక్కటే ఉంది."

అదీ లేదు. చలికాలపు తుఫానుకి గట్టు విరిగి, దిగువన ఒడ్డు బురదలో రాయి తలకిందులుగా పడి ఉంది. ఈనిడ్ గడ్డి మీద కూలబడింది.

కాసేపటికి సంచిలోంచి భర్త నోటుపుస్తకం తీసింది. విల్ఫ్రెడ్ బతికుండగా బడిపంతులు. ఊరి పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నలభై ఏళ్ళు పాత కాగితాలు తిరగేశాడు. చివరి పేజీ ఆమె పైకి చదివింది. వెయ్యేళ్ళ కిందట సముద్రం దాటొచ్చిన ఉల్ఫర్ అనే డేన్ జాతి రైతు కట్టిన పల్లె ఇది; వాళ్ళ భాషలో బీ అంటే పల్లె. కానీ అతని పొలం ఇక్కడ కాదు, మూడు మైళ్ళ అవతల, ఇప్పుడు నీళ్ళున్న చోట. సముద్రం రెండుసార్లు ఊరిని మింగింది. రెండుసార్లూ జనం పేరుని వెనక్కి మోసుకొచ్చి, కొత్త రాయి పాతి, పిల్లల తలలు దానికి తగిలించారు.

కోలిన్ మొహం విప్పారింది. "అయితే మనమూ మోసుకుపోదాం. కౌన్సిల్ వాళ్ళిచ్చే కొత్తింటి పెరట్లో ఓ రాయి పాతేస్తాను."

"రాయి సరే. తలెవరిది?"

అతను కాళ్ళ వంక చూసుకున్నాడు. "మా మనవరాల్ని ఇవాళ రమ్మన్నాను. ఉల్ఫర్‌బీనా, అదెక్కడుంది తాతా అంది."

తర్వాత అతనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈనిడ్ ఆ తలను రెండు చేతులతో పట్టుకుని గట్టు అంచున మట్టికి ఆనించింది.

"ఉల్ఫర్‌బీ," అన్నాడు కోలిన్.

"ఎన్నాళ్ళు గుర్తుంటుంది?"

"ఇరవై ఏళ్ళు. గుండె సహకరిస్తే."

అతను మరిచిపోడని ఆమెకు తెలుసు. అతని తర్వాత గుర్తుంచుకునే తల మరొకటి లేదనీ తెలుసు. సంచిలోంచి కౌన్సిల్ ఉత్తరం తీసి, వంగిన అతని వీపు మీద పరిచి, అభ్యంతరం లేదు అన్న చోట సంతకం చేసింది.

"లేవనా?" అన్నాడు.

"ఉండు," అంది ఈనిడ్. "తేదీ కూడా వెయ్యాలి."