ఆస్పరాగస్ తొలి కోత

ఆస్పరాగస్ నాటాక రెండేళ్లు కోయకూడదు. మూడో ఏడు నేలలోంచి లేచే లేత మొలకలనే కూర వండుకోవాలి. ఆ రెండేళ్లూ నరసరావుపేటలో మా పెరటి మడిలోకి కోడినైనా రానివ్వలేదు నేను.

మూడో ఏడు మొలకలు జానెడు లేచాయి. కోద్దామని బడిలో పాఠాలు చెప్పి ఆత్రంగా వస్తే, ఒక్కదానికీ తల లేదు!

“ఏందయ్యా ఈ పని?” అని అరిచాను.

మా ఆయన ఇన్నయ్య పత్తి రైతు. బిత్తరపోయాడు. “పత్తికి తల గిల్లితేనే గదే కొమ్మలేసేది! నువ్వు చానా ఇష్టంగా పెంచావని ఒక్కటీ వదల్లేదు.”

“గిల్లినవేవి?”

“గేదెకేశా.”

నేను మడి గట్టునే కూలబడ్డాను. పొద్దుగూకాక ఆయన గేదె పాలు పితికి, తనే టీ కాచి తెచ్చాడు.

“ఇందులో కాస్తయినా ఉంటదిలేవే, తాగు.”