గోడ మీది నాన్న

పొద్దున లేవగానే ఆ ఇంట్లో జరిగే మొదటి పని కిటికీ తలుపులు తీయడం. రెండోది అత్తాకోడళ్ళు ఏదో ఒకదాని మీద మాటామాటా అనుకోవడం. టీ ఆ తర్వాతే. కోడలు ముందుగదిలో నేల మీద కూర్చుని ప్లాస్టిక్ వైరుతో కుర్చీలు అల్లేది. ఇనప చట్రం ఒళ్ళో పెట్టుకుని, వైరు లాగి బిగించి, ముడి వేసి, మిగిలిన కొస పంటితో కొరికేది. ఊళ్ళో సగం ఆఫీసులవాళ్ళు ఆమె అల్లిన కుర్చీల్లోనే కునుకు తీసేవారు. అత్తగారు మూడు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి కోడలికిచ్చి, ఒకటి తను తీసుకుని, మూడోది తూర్పు గోడ కింద పెట్టేది.

"చల్లారిపోతోంది, తాగరా," అనేది గోడతో.

గోడ మీద ఆమె కొడుకు నీడ ఉంది. తొమ్మిదేళ్ళుగా అక్కడే నిలబడి ఉంది.

ఇందులో వింతేమీ లేదు. ఇంట్లోవాళ్ళకి "వెళ్ళొస్తా" అని చెప్పకుండా గడప దాటినవాళ్ళ నీడ ఆ ఊళ్ళో ఇంట్లోనే ఆగిపోతుంది. మందుల షాపులో చెప్పాపెట్టకుండా మానేసిన పాత గుమాస్తా నీడ ఇప్పటికీ కౌంటరు వెనకే ఉంది. కొత్త గుమాస్తా పాపం దాన్ని తప్పుకుని తిరుగుతుంటాడు. అలా ఆగిన నీడ కదలాలంటే దానికోసం ఎదురుచూసే మనిషెవరో మనస్ఫూర్తిగా "వెళ్ళిరా" అనాలి. కోడలు కోపంతో ఎన్నిసార్లో అంది. ఎదురుచూడడం మానేసినవాళ్ళ మాట నీడలు చెవిన పెట్టవు. ముసలమ్మ ఒక్కసారీ అనలేదు. ఎవరడిగినా, "మావాడు ఇంట్లోనే ఉన్నాడు," అనేది. అడిగినవాళ్ళు గోడవైపు చూసి తలూపి వెళ్ళిపోయేవారు.

మనవరాలి సంగతి వేరు. మాటలు వచ్చినప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసేది కాబట్టి నాయనమ్మ దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టింది. నీడ మీద ఆ పిల్ల చేయని పరీక్ష లేదు. కొవ్వొత్తి పెట్టి చూసింది. అద్దం పట్టి చూసింది. మామూలు నీడలు దీపం జరిపితే జరుగుతాయి, ఇది జరగదు. ఎండాకాలం గోడంతా పెనంలా కాలుతున్నా నీడ ఉన్నంత మేరా చల్లగా ఉంటుంది. ఎందుకు? బడిలో అయ్యవారు తెలీదన్నారు. అందుకని అక్కడే ఆనుకుని చదువుకుంటూ పెరిగింది. చిన్నప్పుడు నేల మీద కూర్చుంటే దాని తల నీడకి మోకాలి దగ్గర ఉండేది. ఇప్పుడు ఇంట్లో ఉన్న ఎత్తు స్టూలు ఎక్కి కూర్చుంటే సరిగ్గా ఎడమ భుజానికి ఆనుతుంది.

వెలుతురంటే ఏమిటో, నీడంటే ఏమిటో పెద్దచదువు చదివి తేల్చుకుంటానని పట్నం కాలేజీకి పరీక్ష రాసింది. సీటొచ్చింది. ఇల్లంతా పండగైంది. ఫీజు ఎంతో చూశాక ఇల్లంతా నిశ్శబ్దమైంది. కుర్చీల మీద వచ్చేది తిండికీ వైరుకీ సరిపోతుంది. మిగిలిన దారి ఒక్కటే, సర్కారు ఇచ్చే ఉపకారవేతనం. అది వస్తే ఫీజూ హాస్టలూ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే ఎందుకమ్మ కూడా నేల మీద కూర్చుని చట్రం ఒళ్ళో పెట్టుకోవాలి.

ఆ డబ్బు ఇవ్వడానికి సర్కారు ఇంట్లో ఉన్న తల్లిదండ్రుల ఆదాయం కలిపి చూస్తుంది. గీత దాటితే ఇవ్వదు. తల్లి ఆదాయం గీతకి ఎక్కడో కింద ఉంది. తండ్రి మాత్రం వేరే ఊళ్ళో టైల్సు ఫ్యాక్టరీకి మేనేజరు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. కాగితం మీద జీతం కొండంత, ఈ ఇంటికి వచ్చింది గోరంత కూడా లేదు. ఇల్లొదిలిపోయినవాడి జీతం కలపరు. కానీ డబ్బున్నవాళ్ళు పక్కూళ్ళో దాక్కుని పిల్లల్ని పేదవాళ్ళుగా చూపించిన రోజుల్లో ఆఫీసువాళ్ళు ఒక నియమం పెట్టారు. నీడ ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే.

విచారణకి వచ్చే ఆయన్ని ఊళ్ళో అంతా టార్చి ఆఫీసరు అంటారు. బక్కగా ఉంటాడు, ఎక్కువ మాట్లాడడు, ఇల్లిల్లూ తిరిగి గోడల మీద టార్చి వేసి చూస్తాడు. ఆయన వస్తున్నాడని తెలిసి కోడలు అల్లిన కుర్చీలన్నీ తూర్పు గోడకి అడ్డంగా పైకప్పు దాకా పేర్చేసింది.

"అత్తయ్యా, మీరు నోరు మెదపకండి. ఒక్క పూట."

"నాకేం పని మెదపడానికి?" అంది ముసలమ్మ.

ఆఫీసరు వచ్చాడు. వంటగది చూశాడు, మిగిలిన గోడలు చూశాడు. కుర్చీల గుట్ట చూసి, "అల్లిక బాగుందమ్మా," అన్నాడు. టార్చి జేబులో పెట్టుకుని ఫారం తీసి, రాస్తూ పైకి చదివాడు.

"తండ్రి... ఇంట్లో... లేడు."

అంతే. ముసలమ్మకి ఎక్కడ కాలిందో కాలింది.

"ఎందుకు లేడు? వాడు లేడని రాస్తారేమిటి? నా కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. ఆ కుర్చీలు తీసి చూడండి!"

కోడలి చేతిలో వైరు జారి కింద పడింది. ఆ గోడ చూడకపోతే బాగుండునని ఆఫీసరుకీ అనిపించినట్టుంది. ఒక్కో కుర్చీ తీసి పక్కన పెట్టాడు. టార్చి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నీడ కదల్లేదు.

"గురువారం దాకా ఫైలు నా దగ్గరే ఉంటుంది," అన్నాడు పోతూ పోతూ. "ఆ రోజు మళ్ళీ వచ్చి చూస్తాను. అప్పటికీ ఉంటే మాత్రం ఆయన జీతం కలపాల్సిందేనమ్మా. నా చేతుల్లో లేదు."

ఆయన వెళ్ళాక కోడలు అరవలేదు. అరిచినా బాగుండేది.

"కొడుకుని గెలిపించుకున్నారు అత్తయ్యా. మనవరాలు ఓడిపోయింది."

సాయంత్రం ఎందుకమ్మ తండ్రికి ఫోను చేసింది. నంబరు ఎప్పుడో సంపాదించి పెట్టుకుంది గానీ వాడడం అదే మొదలు.

"మీ నీడ ఇక్కడుండిపోయింది నాన్నా. వచ్చి తీసుకెళతారా?"

"ఇప్పుడా? కుదరదమ్మా."

"నీడ లేకుండా ఎలా ఉంటుంది?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. "తేలిగ్గానే ఉంటుంది," అన్నాడు. "ఎండలో గొడుగు వేసుకుంటా. నేల వంక ఎవరు చూస్తారు?"

"పోనీ ఫీజు కట్టగలరా?"

"నాకిక్కడ ఇద్దరు పిల్లలమ్మా," అని పెట్టేశాడు.

ఆ పిల్ల ఏడవలేదు. వచ్చి స్టూలు ఎక్కి గోడకి ఆనుకుని కూర్చుంది. మంచం మీద నుంచి నాయనమ్మ దాన్నే చూస్తోంది.

"నాయనమ్మా, వెళ్ళిరా అంటే అది ఎక్కడికి వెళుతుంది?"

"ఏమోనే. నేనెప్పుడూ అనలేదుగా."

"ఎందుకు?"

"ఎందుకేమిటే? నువ్వు పట్నం పోతావు. అదీ పోతుంది. ఇక పొద్దున్నే నేను టీ ఎవరికి పోయాలి?"

ఎందుకమ్మ దగ్గర ఎప్పుడూ ఇంకో ప్రశ్న ఉంటుంది. ఆ పూట లేదు.

బుధవారం పొద్దున ముసలమ్మ రెండు గ్లాసుల్లోనే టీ పోసింది. గోడ ముందుకెళ్ళి నిలబడి, "వెళ్ళిరా," అని గొణిగింది. నీడలో ఉలుకూ పలుకూ లేదు.

"నోరు అంది, మనసు అనలేదు," అంది కోడలు తలెత్తకుండా.

ముసలమ్మకి కోపం రాలేదు. రాకపోవడం చూసి కోడలే అల్లడం ఆపింది. ముసలమ్మ గోడ మీద, నీడ చెంప ఉన్నచోట, అరచెయ్యి ఆనించింది.

"ఒరేయ్, ఆ రోజు నాకు చెబితే ఏడుస్తానని భయపడ్డావు కదూ? ఏడ్చేదాన్నే. అయినా చెప్పాల్సింది. నువ్వున్నావు, ఉన్నావు అని ఊరందరికీ చెప్పుకున్నా. నువ్వెక్కడున్నావురా? నీ జీతం మాత్రం వచ్చి నా మనవరాలి నెత్తిన కూర్చుంది. దాని దారికి అడ్డం తప్పుకో నాన్నా. నాకు నువ్వంటే ఇష్టమే. వెళ్ళిరా."

నీడ ముందు వంగింది, చెప్పులు తొడుక్కుంటున్నట్టు. తర్వాత గోడ మీద నుంచి నేలకి జారింది. కుర్చీల కాళ్ళ మధ్య నుంచి పాకి, ఎత్తు స్టూలు దగ్గర కాస్త ఆగింది. ఆగి, గడప దాటి ఎండలోకి వెళ్ళిపోయింది. ఎందుకమ్మ వెనకే పరిగెత్తింది. వీధి మలుపు దాకా వెళ్ళి, రొప్పుతూ తిరిగొచ్చింది.

"సూర్యుడు ఎదురుగా ఉన్నా సూర్యుడి వైపే వెళుతోంది నాయనమ్మా! అలా ఎలా వెళుతుంది?"

"పట్నం వెళ్ళి తెలుసుకో," అంది ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

గురువారం ఆఫీసరు వచ్చేసరికి గోడ మీద మనిషి ఆకారంలో కొత్త రంగు మెరుస్తోంది. మిగతా గోడంతా తొమ్మిదేళ్ళ ఎండకి వెలిసిపోయింది గానీ నీడ కింది రంగు వెలవలేదు. ఆయన టార్చి వేశాడు, ఫారంలో రాశాడు, వైరు కుర్చీలో కూర్చున్నాడు. వెళ్ళడానికి తొందర ఉన్నట్టు కనపడలేదు.

"ఏమని చెప్పారు పెద్దమ్మా దానికి?"

"ఇష్టమే అన్నా. వెళ్ళిరా అన్నా."

"రెండూనా?"

"రెండూ."

"మా ఇంట్లోనూ ఒకటుంది," అన్నాడు ఆయన టార్చి వైపు చూసుకుంటూ. ఆ రోజు ముసలమ్మ మూడో గ్లాసులో టీ పోసి ఆయనకిచ్చింది.

డబ్బు మంజూరైంది. ఎందుకమ్మ ప్రయాణం రోజున నాయనమ్మ దానిచేత ముందుగదిలో ఒకసారి, వంటగదిలో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి "వెళ్ళొస్తా" అని చెప్పించింది. బస్సు ఎక్కించి వచ్చాక తలుపుల వెనకా మంచం కిందా వంగి వంగి చూసింది. ఎక్కడా ఏమీ మిగల్లేదు.

"మొత్తం వెళ్ళింది," అంది కోడలితో. గర్వంగానే అని, మంచం కిందకి మళ్ళీ ఒకసారి వంగి చూసింది. కోడలు వైరు కొస ఆమె చేతికిచ్చి, "కాస్త లాగి పట్టుకోండి అత్తయ్యా," అంది. ఆ రోజు నుంచీ కుర్చీలు ఇద్దరూ కలిసి అల్లుతున్నారు. ముడులు వదులుగా వేస్తుందని అత్తగారికి రోజూ చీవాట్లు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ముసలమ్మ ఎత్తింది.

"అమ్మా, నేను."

అతను ఆ ఇంటికి ఫోను చేయడం అదే మొదటిసారి.

"నీడ వచ్చేసిందమ్మా. ఒకరోజు తలుపు తీస్తే గడప మీద కూర్చుని ఉంది. అంతా బాగానే ఉంది గానీ, అప్పటి నుంచీ ఎడమ భుజం బరువుగా ఉంటోంది. డాక్టరు ఏమీ లేదంటాడు. నొప్పి కాదు. ఎవరో తల ఆనించి కూర్చున్నట్టుంటుంది. అక్కడ ఎవరైనా..."

"నీ కూతురురా. అక్కడ ఆనుకునే చదువుకుంది, ఇన్నేళ్ళూ."

కోడలు వైరు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఇప్పుడుందా ఇంట్లో?"

"పట్నంలో ఉంది. చదువుకోవడానికి వెళ్ళింది. చెప్పి వెళ్ళింది."

ఫోను పెట్టేసేటప్పుడు ఎవరైనా "ఉంటా" అంటారు. అతను అనబోయి ఆగాడు.

"వెళ్ళొస్తానమ్మా," అన్నాడు.

"వెళ్ళిరా," అంది ముసలమ్మ.